మెడలో చిప్ కార్డు: గేటు దగ్గర అవసరం, బడి లోపల అనవసరం

బెంగళూరులో విద్యాసంవత్సరం మొదలయ్యే రోజుల్లో ప్రైవేటు పాఠశాలలు తల్లిదండ్రులకు పంపే సర్క్యులర్లలో కొన్నేళ్లుగా ఒక కొత్త అంశం చేరుతోంది. విద్యార్థి గుర్తింపు కార్డులో చిప్ ఉంటుందని, పిల్లలు బస్సు ఎక్కినప్పుడూ, గేటు దాటినప్పుడూ, కొన్నిచోట్ల తరగతి గదిలోకో గ్రంథాలయంలోకో వెళ్లినప్పుడూ ఆ వివరం యాప్‌లో నమోదవుతుందని, దానికి ఏడాదికి ఇంత రుసుమని అందులో ఉంటుంది. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, బెళ్లందూరు ప్రాంతాల అపార్టుమెంట్లలో ఉండే తెలుగు కుటుంబాలకు ఈ ఏర్పాటు ఎందుకు నచ్చుతుందో అర్థం చేసుకోవడం కష్టం కాదు. తల్లీ తండ్రీ ఇద్దరూ ఉద్యోగాల్లో ఉంటారు. సాయంత్రం స్టాపు దగ్గర పిల్లల్ని దించుకునేది చిత్తూరు నుంచో అనంతపురం నుంచో వచ్చి ఉంటున్న అమ్మమ్మ; బస్సు ఆలస్యమైతే ఎవరిని అడగాలో, ఏ భాషలో అడగాలో ఆమెకు తెలియదు. అలాంటి ఇంటికి, పాప ఎనిమిదింపావుకు బడి గేటు దాటిందని ఫోన్‌లో వచ్చే చిన్న సందేశం నిజంగానే ఊరటనిస్తుంది.

అయితే ఈ ఊరటతో పాటు మరొకటి కూడా ఇంట్లోకి, బడిలోకి వస్తోంది. ట్రాకింగ్ అనే ఒకే పేరు కింద రెండు వేర్వేరు పనులు కలిసిపోయాయి. పిల్లవాడి బాధ్యత ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి మారే చోట ఆ అప్పగింతను నమోదు చేయడం మొదటిది. అప్పగింత జరిగిపోయాక, బడి నాలుగు గోడల మధ్య ఆ పిల్లవాడు ఏ క్షణాన ఎక్కడున్నాడో, ఎవరితో ఉన్నాడో, ఎంతసేపున్నాడో రాసిపెట్టడం రెండోది. మొదటిది పాఠశాల ఎలాగూ చేయాల్సిన పని. దాన్ని యంత్రంతో చేసినా తప్పులేదు. రెండోది భద్రత పేరుతో వస్తున్నా భద్రతకు పెద్దగా పనికిరాదు, పిల్లల మీద దాని భారం మాత్రం పూర్తిగా పడుతుంది. సర్క్యులర్ మీద సంతకం పెట్టే ముందు తల్లిదండ్రులు ఈ రెంటినీ విడదీసి చూడాలి, ఎందుకంటే అమ్మేవాళ్లు వాటిని విడదీసి చూపించరు.

యంత్రాలు ఎలా పనిచేస్తాయో కొంచెం చూస్తే ఈ తేడా స్పష్టమవుతుంది. మెట్రో కార్డులాగా రీడర్‌కు తాకించాల్సిన కార్డులు 13.56 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తాయి; కొన్ని సెంటీమీటర్ల దూరం దాటితే రీడర్ వాటిని చదవలేదు. అంటే పిల్లవాడు తెలిసి, చేయి చాచి, కార్డు చూపిస్తేనే నమోదు జరుగుతుంది. రెండో రకం 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే కార్డులు. వాటిలోనూ బ్యాటరీ ఉండదు, కానీ గుమ్మం మీద బిగించిన యాంటెన్నా కొన్ని మీటర్ల దూరం నుంచే వాటిని చదువుతుంది. కార్డు ఉన్నవారికి ఆ సంగతే తెలియదు. మూడో రకం చిన్న బ్యాటరీతో బ్లూటూత్ సంకేతాలు వదులుతూ ఉండే ట్యాగులు, బ్యాండ్లు. గదికొక రీడర్ పెడితే రోజంతా ఎవరెక్కడ తిరిగారో పటం గీయవచ్చు. జీపీఎస్ కాంక్రీటు కప్పుల కింద సరిగా అందదు కాబట్టి అది బస్సుకే తప్ప తరగతి గదికి పనికిరాదు. ఇక ముఖ గుర్తింపుకు కార్డే అక్కర్లేదు, కెమెరా చాలు. ఈ వరుసలో ముందుకు వెళ్లేకొద్దీ నమోదులో పిల్లవాడి ప్రమేయం తగ్గిపోతూ వస్తుంది. తాకించే కార్డుతో వాడు పాల్గొంటాడు, దూరం నుంచి చదివే కార్డుతో వాణ్ణి చదువుతారు.

గేటు దగ్గరి రీడర్‌కు తెలిసేది కార్డు వచ్చిందన్న సంగతే, పిల్ల వచ్చిందని కాదు. ఈ చిన్న తేడా నుంచి చాలా చిక్కులు పుడతాయి. ఉదయం ఎనిమిది గంటలకు ఒకేసారి నాలుగు బస్సులు ఆగి, రెండు వందల మంది పిల్లలు తోసుకుంటూ లోపలికి వచ్చేటప్పుడు కొన్ని కార్డులు చదవబడవు, ఎందుకంటే దూరం నుంచి చదివే కార్డుల తరంగాలను నీరు పీల్చేస్తుంది. కార్డు ఒంటికి అతుక్కుపోయినా, నీళ్ల సీసా అడ్డం వచ్చినా సంకేతం తగ్గిపోతుంది. కార్డు ఇంట్లో మరిచిపోయిన పిల్ల తరగతిలో కూర్చుని ఉన్నా యాప్‌లో గైర్హాజరు. తొమ్మిదో తరగతి కుర్రాడు తన కార్డును స్నేహితుడి సంచిలో వేసి పంపితే, వాడు రోడ్డు మీద ఉన్నా యాప్‌లో హాజరు. మొదటి రకం పొరపాటు తల్లిని అనవసరంగా పరిగెత్తిస్తుంది. రెండో రకం పొరపాటు పరిగెత్తాల్సిన తల్లిని నిశ్చింతగా కూర్చోబెడుతుంది, అందుకే అది ఎక్కువ ప్రమాదకరం. మొదటి పీరియడులో క్లాస్ టీచర్ మొహం చూసి పేరు పిలిచి తీసుకునే హాజరుకు ఈ రెండు లోపాలూ లేవు. యంత్రం ఆ హాజరుకు తోడుగా ఉండవచ్చు, దాని స్థానంలోకి రాకూడదు.

యంత్రం నిజంగా బాగా పనికొచ్చే చోటు బస్సు. 2023 సెప్టెంబరు 27న బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు గంటల తరబడి స్తంభించిపోయినప్పుడు పిల్లలు రాత్రి ఎనిమిది దాకా స్కూలు బస్సుల్లోనే చిక్కుకుపోయారు. అలాంటి సాయంత్రం బస్సు ఎక్కడుందో ఫోన్‌లో కనిపించడం విలాసమేమీ కాదు. ప్రయాణికుల వాహనాల్లో వాహన స్థానాన్ని తెలిపే పరికరం, అత్యవసర మీట ఉండాలని మన దేశ వాహన పరిశ్రమ ప్రమాణం ఏఐఎస్ 140 చెబుతుంది కూడా. గమనించాల్సింది ఏమిటంటే ఇక్కడ గమనింపులో ఉన్నది వాహనం. బస్సును ఎంత వెంబడించినా పిల్లల స్వేచ్ఛకు నష్టం లేదు.

బస్సు విషయంలోనూ పరికరం చూడలేనివి ఉన్నాయి. 2012 జులైలో చెన్నై శివారు సేలయూరులో రెండో తరగతి చదివే బాలిక కదులుతున్న స్కూలు బస్సు అడుగు రేకుకు ఉన్న రంధ్రంలోంచి రోడ్డు మీద పడి చనిపోయింది. ఆ తర్వాతే తమిళనాడు స్కూలు బస్సులకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. ఆ బస్సులో ఎంత మంచి జీపీఎస్ ఉన్నా ఆ రంధ్రం కనిపించేది కాదు. వంగి చూసే మనిషి కావాలి, చూశాక బస్సును ఆపే అధికారం ఆ మనిషికి ఉండాలి. దానికి భిన్నమైన మరో ఘటన 2022 సెప్టెంబరులో ఖతార్‌లో జరిగింది. కేరళ కుటుంబానికి చెందిన నాలుగేళ్ల పాప బడి బస్సులో నిద్రపోయింది, ఎవరూ చూడకుండా తలుపులు వేసేశారు, ఎండవేడికి ఆ పాప లోపలే చనిపోయింది. ఇక్కడ ఎలక్ట్రానిక్ నమోదు సాయపడి ఉండేదని న్యాయంగా ఒప్పుకోవాలి. బస్సు ఎక్కినట్టు నమోదై, బడి గేటు దాటినట్టు నమోదు కాని పిల్ల ఉందంటే ఆ రెండు జాబితాల తేడాయే ప్రమాద సూచన. పది నిమిషాల్లో ఆ తేడా ఎవరి ఫోన్‌లోనైనా మోగితే ఒక ప్రాణం నిలిచేదేమో. బస్సు ఆగాక ఆయా చివరి సీటు దాకా నడిచి, ఒక్కొక్క సీటు కిందకి వంగి చూసి రావాలనే నియమం కూడా అదే పని చేస్తుంది. రెండూ ఉంటే మరీ మంచిది. ఈ మేలంతా రెండు అప్పగింతలను పోల్చి చూడటం వల్లే వస్తోంది. గేటు దాటాక ఆ పాప ఏ గదిలో ఉందన్నది ఈ లెక్కలో ఎక్కడా రాదు.

అత్యవసరంగా బడి ఖాళీ చేయించాల్సి వచ్చినప్పుడు ఏం చేస్తారన్నది ట్రాకింగ్ సమర్థకుల బలమైన వాదన. 2023 డిసెంబరు 1న బెంగళూరులో నలభైకి పైగా పాఠశాలలకు ఒకేసారి బాంబు బెదిరింపు ఈమెయిళ్లు వచ్చాయి. అవి ఉత్తుత్తివని తేలేలోగా వేల మంది పిల్లల్ని మైదానాల్లోకి తరలించారు, తల్లిదండ్రులు గేట్ల దగ్గర గుమిగూడారు. అలాంటి గందరగోళంలో ప్రతి టీచరూ చేతిలో రిజిస్టరుతో వరుసగా తలలు లెక్కపెడతారు. ఇద్దరు ప్రయోగశాలలో ఉన్నారు, ఒకరు జ్వరమని సిక్ రూములో పడుకున్నారు, నలుగురు వేరే తరగతితో కలిసి డ్రిల్లుకు వెళ్లారు, ఒకరిని పొద్దున్నే నాన్న వచ్చి తీసుకెళ్లారు. ఈ చివరి వివరం రిజిస్టరులో ఉండదు, గేటు దగ్గరి పుస్తకంలో ఉంటుంది, ఆ పుస్తకం ఆ సమయానికి వాచ్‌మన్ గదిలో ఉంటుంది. ఈరోజు లోపలికి వచ్చినవారెవరు, మధ్యలో బయటికి వెళ్లినవారెవరు అనే జాబితా ప్రిన్సిపాల్ ఫోన్‌లో సిద్ధంగా ఉంటే అరగంట పని ఐదు నిమిషాల్లో తెములుతుంది. ఇది నిజమైన లాభం. అయితే ఈ జాబితాకు కావాల్సిందీ గేటు దగ్గరి రాకపోకల నమోదే. ఇక లోపల ఎవరు ఏ గదిలో మిగిలిపోయారో తెలియాలంటే ట్యాగుల సంకేతాలను నమ్ముకుని ఏ టీచరూ మెట్లు దిగిపోరు, దిగిపోకూడదు. గది గదికీ వెళ్లి చూసి తలుపు మీద చేయి వేసి నిర్ధారించుకోవాల్సిందే.

బడి లోపల పిల్లలకు ఉండే అతి పెద్ద ముప్పు గురించి మాట్లాడకుండా ఈ చర్చ పూర్తి కాదు. 2014 జులైలో బెంగళూరు తూర్పు భాగంలోని ఒక ప్రైవేటు పాఠశాలలో ఆరేళ్ల బాలికపై అత్యాచారం జరిగిందన్న వార్త నగరాన్ని కుదిపేసింది. తల్లిదండ్రులు రోడ్ల మీదికి వచ్చారు; పాఠశాలల్లో సీసీ కెమెరాలు, సిబ్బంది పూర్వచరిత్ర తనిఖీ వంటి ఆదేశాలు ఆ తర్వాతే వరుసగా వచ్చాయి. నగరంలో పాఠశాల భద్రత పేరుతో ఇప్పుడు అమ్ముడవుతున్న చాలా పరికరాల వెనుక ఆ నెల నాటి భయం ఇంకా ఉంది, ఆ భయం న్యాయమైనది కూడా. కానీ అప్పుడు పోలీసుల దర్యాప్తు పాఠశాలలో శిక్షకులుగా పనిచేసేవారి వైపే నడిచింది. పోక్సో చట్టం కింద నమోదయ్యే తీవ్రమైన లైంగిక దాడుల్లో నూటికి తొంభైకి పైగా కేసుల్లో నిందితుడు బాధిత బాలలకు ముందే తెలిసినవాడని జాతీయ నేర గణాంకాల సంస్థ ఏటా ప్రచురించే లెక్కలు చెబుతున్నాయి. పిల్ల మెడలోని కార్డు పిల్ల ఎక్కడుందో చెబుతుంది. ఆ పిల్ల దగ్గరికి ఏ పెద్దమనిషి వెళ్లాడో అది చెప్పదు.

కాబట్టి పాఠశాల ఆవరణలో ఎవరి కదలికలైనా నమోదు చేయాలంటే ముందు పెద్దవాళ్లవి చేయాలి. కాంట్రాక్టు మీద వచ్చే హౌస్‌కీపింగ్ సిబ్బంది, డ్రైవర్లు, శనివారాలు మాత్రమే వచ్చే స్కేటింగ్, ఈత శిక్షకులు, మరమ్మతులకు వచ్చేవారు, సందర్శకులు, వీళ్లలో ఎవరు ఏ సమయంలో ఏ అంతస్తుకు వెళ్లవచ్చో నిర్ణయించి, ఆ హద్దు దాటితే తెలిసేలా చేయడం సాంకేతికంగా తేలిక, నైతికంగా అభ్యంతరం తక్కువ, భద్రతకు ఉపయోగం ఎక్కువ. చిత్రంగా చాలా పాఠశాలల్లో సందర్శకుడి వివరాలు ఇప్పటికీ గేటు దగ్గర దారంతో కట్టిన పెన్నుతో రాసే పుస్తకంలోనే ఉంటాయి, పిల్లలకు మాత్రం చిప్‌లు వస్తాయి. పైగా ఏ పిల్ల ఏ మూల ఒంటరిగా ఉందో నిమిష నిమిషానికీ చూపించే తెర ఒకటి ఆఫీసు గదిలో ఉందంటే, దురుద్దేశం ఉన్న ఉద్యోగి చేతిలో అది ఏమవుతుందో ఆలోచించాలి. బయటివాళ్ల నుంచి కాపాడే సాధనం లోపలివాళ్లకు దారి చూపే సాధనం కాకూడదు.

లోపలి ట్రాకింగ్ భద్రతకు అంతగా పనికిరాకపోతే మరి దేనికి వాడతారు? ఇప్పటిదాకా ఉన్న అనుభవం చూస్తే పాలన కోసం, క్రమశిక్షణ కోసం, కొన్నిచోట్ల నిధుల కోసం. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం సాన్ ఆంటోనియోలో నార్త్‌సైడ్ పాఠశాల జిల్లా (ఆ ప్రాంతపు ప్రభుత్వ బడులను నడిపే స్థానిక సంస్థ) 2012లో రెండు బడుల్లోని సుమారు 4,200 మంది విద్యార్థులకు చిప్ కార్డులు ఇచ్చింది. అక్కడ ప్రభుత్వ నిధులు రోజువారీ హాజరును బట్టి వస్తాయి. ఉదయం హాజరు పిలిచే సమయానికి తన సీట్లో లేకపోయినా క్యాంటీన్‌లోనో వరండాలోనో ఉన్న పిల్లవాణ్ణి లెక్కలోకి తెచ్చుకుంటే బడికి డబ్బు వస్తుంది. ఒక విద్యార్థిని మతపరమైన కారణాలతో కార్డు వేసుకోనని కోర్టుకెక్కింది, కేసు ఓడిపోయింది. కానీ మరుసటి ఏడాదే జిల్లా అధికారులు ఆ పథకాన్ని తామే ఆపేశారు, హాజరులో ఆశించినంత పెరుగుదల రాలేదు. దానికి ఏడేళ్ల ముందు, 2005లో, కాలిఫోర్నియాలోని సట్టర్ అనే చిన్న ఊళ్లో ప్రాథమిక పాఠశాల పిల్లల మెడలో ఇలాంటి కార్డులే వేస్తే, తల్లిదండ్రుల వ్యతిరేకతతో వారాల్లోనే తీసేయాల్సి వచ్చింది.

మన దగ్గర నిధుల లెక్క వేరు. ప్రభుత్వ బడుల్లో మధ్యాహ్న భోజనానికి, ఉచిత పథకాలకు హాజరే ఆధారం కాబట్టి ఆ అంకెలు పెంచి రాస్తున్నారనే అనుమానంతో ముఖ గుర్తింపు వస్తోంది. చెన్నైలోని ప్రభుత్వ పాఠశాలల్లో 2018లోనే దాన్ని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టారు. తెలంగాణలోనూ విద్యార్థుల హాజరును యాప్‌లో ముఖ గుర్తింపుతో తీసుకుంటున్నారు. కర్ణాటక ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల కోసం అలాంటి ప్రతిపాదన 2025లో ముందుకు వచ్చినప్పుడు విద్యావేత్తలు, హక్కుల సంఘాలు అభ్యంతరం చెప్పాయి. దొంగ లెక్కలు రాసేది పిల్లలు కాదు. పెద్దల తప్పును పట్టుకోవడానికి పిల్లల ముఖాలను కొలిచి దాచుకోవడం ఎంతవరకు సబబో ఆ ప్రభుత్వాలు ఇంకా వివరించాల్సి ఉంది. ముఖ గుర్తింపు చిన్నపిల్లల విషయంలో పెద్దలకంటే ఎక్కువ పొరబడుతుందని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2019 డిసెంబరులో విడుదల చేసిన అధ్యయనంలో తేలింది. ఎదిగే వయసులో ముఖం మారిపోతూ ఉంటుందన్నది ఏ తల్లికైనా తెలిసిన సంగతే.

సమ్మతి ఉందిగా అనే సమాధానం ఈ చర్చలో తరచూ వినిపిస్తుంది. స్వీడన్‌లోని షెలెఫ్టియో పట్టణంలో ఒక ఉన్నత పాఠశాల 2018లో 22 మంది విద్యార్థుల హాజరును మూడు వారాలపాటు ముఖ గుర్తింపుతో తీసుకుంది. తల్లిదండ్రుల అంగీకారం రాతపూర్వకంగా ఉంది. అయినా ఆ దేశపు సమాచార రక్షణ సంస్థ 2019 ఆగస్టులో 2 లక్షల క్రోనార్ల జరిమానా వేసింది. విద్యార్థి పాఠశాల మీద ఆధారపడి ఉంటాడు కాబట్టి ఆ అంగీకారాన్ని స్వేచ్ఛగా ఇచ్చినదిగా పరిగణించలేమని, హాజరు తీసుకోవడానికి అంతకంటే తక్కువ చొరబాటు ఉన్న మార్గాలు ఉన్నాయని తేల్చి చెప్పింది. ఫ్రాన్స్‌లో మార్సెయ్, నీస్ నగరాల ఉన్నత పాఠశాలల గేట్ల దగ్గర ముఖ గుర్తింపు పెట్టాలన్న నిర్ణయాన్ని 2020 ఫిబ్రవరిలో మార్సెయ్ పరిపాలనా న్యాయస్థానం దాదాపు ఇవే కారణాలతో కొట్టేసింది. ఇదే కొలబద్దతో బెంగళూరును చూస్తే, నర్సరీ సీటు కోసం ఏడాది ముందు నుంచి తిరిగిన తండ్రి, లక్షల్లో ఫీజు కట్టేశాక వచ్చిన సర్క్యులర్ మీద వద్దు అని రాయగలడా? చాలా సర్క్యులర్లలో వద్దు అని రాయడానికి గడి కూడా ఉండదు.

మన చట్టం ఈ విషయంలో ఏం చెబుతుందో తల్లిదండ్రుల్లో చాలామందికి తెలియదు. 2023 ఆగస్టులో ఆమోదం పొందిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు వారందరినీ బాలలుగానే చూస్తుంది. వారి సమాచారాన్ని వాడుకోవాలంటే తల్లిదండ్రుల ధ్రువీకరించదగిన సమ్మతి ఉండాలని, వారిని వెంబడించడం, వారి ప్రవర్తనను కనిపెట్టడం కూడదని తొమ్మిదో సెక్షన్ నిర్దేశిస్తుంది. ఈ బాధ్యతలను ఉల్లంఘిస్తే 200 కోట్ల రూపాయల దాకా జరిమానా ఉంది. అయితే ఈ చట్టం కింద 2025 నవంబరులో వెలువడిన నిబంధనల నాలుగో షెడ్యూలు విద్యాసంస్థలకు మినహాయింపు ఇచ్చింది. సంస్థ విద్యా కార్యకలాపాల కోసం గానీ, అక్కడ చేరిన పిల్లల భద్రత కోసం గానీ చేసే ట్రాకింగ్‌కు ఆ సమ్మతి, ఆ నిషేధం వర్తించవు. పిల్లల్ని తీసుకెళ్లే బస్సుల వారికి ఇచ్చిన మినహాయింపు దీనికంటే ఇరుకుగా ఉంది: ఇంటికీ బడికీ మధ్య ప్రయాణంలో, భద్రత కోసం, వారెక్కడున్నారో గమనించడం వరకే. బస్సు విషయంలో ఇంత జాగ్రత్తగా గీత గీసినవారు బడి విషయంలో విద్యా కార్యకలాపాలు అనే వెడల్పాటి మాట వాడి ఊరుకోవడం ఈ నిబంధనల్లోని పెద్ద బలహీనత. గ్రంథాలయంలో గడిపిన నిమిషాలు, పాఠం వింటూ కిటికీలోంచి చూసిన క్షణాలు కూడా విద్యా కార్యకలాపమేనని వాదించవచ్చు.

కానీ ఒక తలుపు ఇంకా తెరిచే ఉంది. పిల్లల శ్రేయస్సుకు హాని కలిగించే అవకాశం ఉన్న రీతిలో వారి సమాచారాన్ని వాడకూడదనే ఉపసెక్షన్ నుంచి విద్యాసంస్థలకు మినహాయింపు లేదు. తల్లిదండ్రుల సంఘాలు పట్టుకోవాల్సింది దీన్నే. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న ఏకగ్రీవంగా చెప్పింది. ఆ కేసు వేసిన జస్టిస్ కె.ఎస్. పుట్టస్వామి కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి, చివరిదాకా బెంగళూరు వాసి. గోప్యతలో చొరబాటుకు చట్టబద్ధమైన ఆధారం, న్యాయమైన ప్రయోజనం ఉండటంతో పాటు ఆ చొరబాటు ప్రయోజనానికి తగినంత మేరకే ఉండాలని ఆ తీర్పు నిలబెట్టిన కొలత. ప్రైవేటు పాఠశాలకు అది నేరుగా వర్తిస్తుందా లేదా అన్నది న్యాయవాదుల చర్చ. ఏ పాఠశాల అయినా తనంతట తాను ఆ కొలత పెట్టుకోవడానికి ఏ కోర్టు ఆదేశమూ అక్కర్లేదు.

శ్రేయస్సుకు హాని అంటే ఏమిటో ఒక ఉదాహరణ చూస్తే సరిపోతుంది. ప్రతి తలుపు మీదా రీడర్ ఉన్న బడిలో కౌన్సిలర్ గది తలుపు మీద కూడా ఉంటుంది. పదో తరగతి అమ్మాయి ఒక నెలలో నాలుగుసార్లు ఆ గదికి వెళ్లిందనుకుందాం. ఆమె ఏం మాట్లాడిందో కౌన్సిలర్ ఎవరికీ చెప్పరు, కానీ తేదీలు, వేళలు, ఎంతసేపు ఉందన్నది యాప్‌లో చేరిపోతాయి. ఆ రాత్రి ఇంట్లో ఎందుకెళ్లావన్న ప్రశ్న వస్తుంది. ఆ అమ్మాయి చెప్పుకోవాలనుకున్నది ఆ ఇంటి గురించే అయితే? ఐదోసారి ఆమె ఆ గుమ్మం తొక్కదు. నెలసరి రోజుల్లో మాటిమాటికీ టాయిలెట్‌కు వెళ్లే అమ్మాయి విషయంలోనూ ఇంతే. అమెరికాలో కొన్ని బడుల్లో తరగతి నుంచి బయటికి వెళ్లడానికి డిజిటల్ పాసులు వాడుతున్నారు, ఎవరు ఎన్నిసార్లు, ఎన్ని నిమిషాలు వెళ్లారో లెక్క తేలుతుంది. లెక్క తేలితే పరిమితి పెట్టాలని ఎవరికో ఒకరికి అనిపిస్తుంది. వయసొచ్చే పిల్లలకు పెద్దల చూపు పడని కొన్ని నిమిషాలు కావాలి. స్నేహాలు, తగాదాలు, మనసు విప్పి చెప్పుకునే మాటలు ఆ నిమిషాల్లోనే పుడతాయి. టీచరు కంటపడినా టీచరు మరిచిపోతుంది, క్షమిస్తుంది. డేటాబేస్ ఆ రెండూ చేయదు.

ఆ డేటాబేస్ ఎక్కడుంటుంది అన్నది మరో ప్రశ్న. చాలా సందర్భాల్లో బడి దగ్గర ఉండదు, యాప్ అమ్మిన సంస్థ అద్దెకు తీసుకున్న సర్వర్లలో ఉంటుంది. ఉత్తర అమెరికాలో వేల పాఠశాలల రికార్డులు నిర్వహించే పవర్‌స్కూల్ సంస్థలోకి 2024 డిసెంబరులో హ్యాకర్లు చొరబడ్డారు. సమాచారం బయటపెట్టకుండా ఉండేందుకు సంస్థ డబ్బు చెల్లించింది; అయినా 2025 మే నాటికి అదే సమాచారంతో పాఠశాలలకు మళ్లీ బెదిరింపులు వచ్చాయి. అదే ఏడాది సెప్టెంబరులో లండన్‌లో కిడో అనే నర్సరీల సంస్థ నుంచి పిల్లల ఫొటోలు, చిరునామాలు దొంగిలించి కొన్నింటిని ఇంటర్నెట్‌లో పెట్టారు. పెద్ద సంస్థలకే ఇలా జరిగితే, కోరమంగలలో నలుగురితో నడిచే చిన్న స్టార్టప్ రేపు మూతపడినప్పుడు ఆ కంప్యూటర్లలోని మూడేళ్ల రాకపోకల వివరాలు ఎవరి ఆస్తి అవుతాయో ముందే తేల్చుకోవాలి. కార్డు పోతే కొత్త కార్డు ఇస్తారు. ముఖం, వేలిముద్ర పోతే మార్చి ఇవ్వడానికి ఏమీ ఉండదు, అందుకే పిల్లల విషయంలో వాటి జోలికి అసలు వెళ్లకపోవడమే మేలు.

మినహాయింపులు లేవని కాదు. చూపు తప్పితే దారి పట్టుకుని వెళ్లిపోయే స్వభావం ఉన్న ఆటిజం పిల్లలకు, మైసూరు జంతుప్రదర్శనశాలకో నంది కొండలకో విహారయాత్రకు తీసుకెళ్లిన చిన్న తరగతుల పిల్లలకు చేతికి ఒక ట్యాగు కట్టడం తెలివైన పని. ఒకరి విషయంలో కారణం ఆ పిల్ల అవసరం, మరొకరి విషయంలో ఆ రోజు అవసరం. యాత్ర ముగిశాక ట్యాగు విప్పేస్తారు. మూడు వేల మందికి ఏడాది పొడుగునా అదే చేయడానికి అలాంటి కారణం లేదు.

పాఠశాల యాజమాన్యాల వైపు నుంచి చూస్తే, పరికరం కొనడం కంటికి కనిపించే చర్య, బ్రోచర్‌లో ఫొటో వేసుకోవచ్చు. ప్రతి బస్సుకూ ఇంకొక ఆయాను పెట్టడం, చిన్న తరగతుల టాయిలెట్ల దగ్గర ఒక మహిళా సహాయకురాలిని రోజంతా ఉంచడం, సిబ్బంది పోలీసు వెరిఫికేషన్‌ను ఏటా తిరగతోడటం నెలనెలా జీతాలు తినే పనులు, ఫొటోకు అందవు. తల్లిదండ్రులు యాప్ ఉందా అని అడిగినంత గట్టిగా ఆయాలు ఎంతమంది అని అడగకపోవడం కూడా దీనికి ఒక కారణమే.

డేటా రక్షణ నిబంధనల్లో చాలా భాగం 2027 మేలో అమల్లోకి వస్తుంది, కాబట్టి పాఠశాలలు, తల్లిదండ్రుల సంఘాలు ఒప్పందాలను తిరగరాసుకోవడానికి ఇదే సమయం. కార్డు తాకించే రకానిదే కావాలి, అందులో ఒక అంకె తప్ప పేరు, తరగతి, రక్తవర్గం వంటివేవీ ఉండకూడదు. రీడర్లు బస్సు మెట్ల దగ్గర, గేటు దగ్గర మాత్రమే ఉండాలి. రాకపోకల వివరాలు ఎన్నాళ్లు ఉంచుతారో రాతలో ఉండాలి. 2025 జులైలో సీబీఎస్ఈ తన అనుబంధ పాఠశాలల్లో కెమెరాలు తప్పనిసరి చేసినప్పుడు దృశ్యాలను కనీసం 15 రోజులు దాచాలని చెప్పింది, ఎప్పటికల్లా చెరిపేయాలో చెప్పలేదు, ఆ లోటు ఒప్పందంలో పూడ్చుకోవాలి. కార్డు వద్దన్న కుటుంబానికి పుస్తకంలో సంతకం పెట్టే మార్గం ఉండాలి, అందుకు పిల్లవాణ్ణి గేటు దగ్గర పక్కకు నిలబెట్టకూడదు. అన్నింటికంటే ముఖ్యంగా, బస్సు ఎక్కిన జాబితాకూ, గేటు దాటిన జాబితాకూ, మొదటి పీరియడు హాజరుకూ మధ్య తేడా వచ్చినప్పుడు తొమ్మిదిన్నర లోపు ఇంటికి ఫోన్ చేయాల్సిన ఉద్యోగి పేరు, ఆ రోజు ఆ ఉద్యోగి సెలవులో ఉంటే ఎవరు చేస్తారో వారి పేరు, ఆ ఫోన్ వచ్చేది తెలుగో కన్నడమో మాత్రమే తెలిసిన అమ్మమ్మకైతే ఆమెతో మాట్లాడగలిగినవారు ఆఫీసులో ఎవరున్నారో, ఇవన్నీ ఆ ఒప్పందంలోని మొదటి పేజీలోనే ఉండాలి.